బేరమాడుతూ తెలుసుకున్న ఇల్లు

మొన్న చలికాలంలో మా అక్క కూతురు పట్టుబట్టి పిలిస్తే దోహాకు వెళ్ళాను. అల్ తుమామాలో వాళ్ళ ఫ్లాటు. మేముండిన ఊరు ఇది కాదనే పాట విమానాశ్రయం బయటే ఎత్తుకున్నానని, ఇక చాలించమని ఆ పిల్ల మొదటి సాయంత్రమే చెప్పేసింది. మరునాడు వెస్ట్ బే మేడలు చూపించింది. మా రోజుల్లో అక్కడ ఒక హోటలూ, దాని చుట్టూ బోలెడంత ఎండా ఉండేవి. లుసైల్ చూపించింది. అక్కడ అప్పుడేముండేదో నాకు తెలియదు, అటు వెళ్ళే పని మాకెప్పుడూ పడలేదు. అన్నిటికీ తల ఊపాను. మోకాళ్ళు నొప్పెడుతుంటే మనిషి దేన్నయినా ఒప్పుకుంటాడు. చివరికి, పాతకాలపు అరబ్బు ఇంటినొకదాన్ని బాగుచేసి మ్యూజియంగా పెట్టారని తీసుకెళ్ళింది.

పొడుగాటి హాలు. తల ఎత్తితే పక్కపక్కనే పేర్చిన గుండ్రటి కర్రలు, వాటి మీద వెదురు బద్దల అల్లిక, దాని పైన చాప. చల్లటి గాలి ఎక్కడి నుంచో సన్నగా వస్తోంది. గోడకు ఒక పలక. ఆ కర్రలు ఏ దేశపు మడ అడవుల్లోంచి వచ్చాయో, ఏ పొర మీద ఏ పొర పరిచారో, గది వెడల్పు అంతే ఎందుకుందో రెండు భాషల్లో రాసి పెట్టారు. మా పిల్ల నిలబడి చదివేసి పక్క గదిలోకి వెళ్ళిపోయింది. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. ఏళ్ళ తరబడి తిట్టి, తిట్టించుకుని, పంచాయతీలు పెట్టుకుని నేను సంపాదించిన చదువంతా ఆ పలక మీద ఊరికే దొరుకుతోంది. "ఏం మామా, కండ్లల్లో నీళ్ళు?" అంది తిరిగొచ్చి. ఏసీ ఎక్కువైందన్నాను.

మాది ప్రొద్దుటూరులో కిరాణా అంగడి. నాయన, చిన్నాయన, తాత అందరూ తక్కెడ వెనక కూర్చుని ముసలివాళ్ళయినవారే. మా ఇంట్లో మెచ్చుకోవడమనేది అమ్మేటప్పుడు చేసే పని. కొనేటప్పుడు పెదవి విరవాలి. వంకాయ నవనవలాడుతుంటే పుచ్చుంటుందేమో అనాలి. బియ్యం ముత్యాల్లా ఉంటే నూక ఎక్కువనాలి. ఇది మాకు అబద్ధం కాదు, మర్యాద. మా పెద్దన్నకు పిల్లను చూడబోయినప్పుడు నాయన అక్కడున్నంతసేపూ వాళ్ళ వాకిలి ఎత్తు చాలలేదనే అన్నాడు. పిల్ల బంగారంలా ఉందన్న మాట ఇంటికొచ్చి, తలుపు గడియ పెట్టాకే బయటికి వచ్చింది. అలాంటి కొంపలో పెరిగినవాణ్ణి, మీసాలు సరిగా రాకముందే మా మేనమామ దోహాకు పిలిపించుకున్నాడు. పాత బజారు వెనక సందులో ఆయనకు చిన్న కిరాణా కొట్టు. ఉప్పూ పప్పూ, సబ్బులూ, ఊరికి ఫోను చేసుకునే కార్డులూ అమ్మేవాళ్ళం.

మామా, అత్తా, నేనూ, మా ముగ్గురి కాపురం మాత్రం కొట్టుకు రెండు సందుల అవతల ఒక పాత అరబ్బు ఇంట్లో. ఇల్లంటే నిజానికి ఒక హాలు, దాని ముందు పెరడంత వాకిలి, మూలన వంటకు ఒక రేకుల కొట్టం. సముద్రంలోంచి తీసిన గరుకు రాయి పేర్చి, మట్టీ జిప్సమూ కలిపి కట్టిన గోడలు. ఆ గోడల లోపల కూడా అక్కడక్కడా కర్రలు అడ్డంగా పడుకుని ఉండేవి. పెచ్చు రాలిన చోట అవి ఎముకల్లా కనిపించేవి. ఎండాకాలంలో బయట కాలు పెట్టలేని వేళ కూడా ఆ హాలు కొంత దయ చూపేది. ఆ ఇంటి వాసన ఇప్పటికీ నాకు వేరేగా గుర్తుంది. అత్త నానబెట్టిన చింతపండు, పక్కింటి వాళ్ళు వేసుకునే సాంబ్రాణి, తడిసిన గోడ, పైకప్పులోంచి సన్నగా రాలే మట్టి, అన్నీ కలిసిన వాసన. గోడ ఎందుకు తడిసేదంటే, అత్త ప్రొద్దుటూరులో ఉన్నట్టే తెల్లవారి లేచి వాకిట్లో నీళ్ళు చల్లి ముగ్గు వేసేది. పేడ దొరకదని ఒక పూట దిగులుపడి, వట్టి నీళ్ళకే సర్దుకుంది. ఆ నీళ్ళు గోడ తాగేది.

వారంలో ఆరు రోజులు అత్తకు మాట్లాడటానికి మేమిద్దరం తప్ప మనిషి లేడు. మేమేమో కొట్టు నుంచి నోళ్ళు పడిపోయి వచ్చేవాళ్ళం. శుక్రవారం మాత్రం ఆ హాలు అత్తది. మా కడప జిల్లా నుంచి ఇళ్ళల్లో డ్రైవర్లుగా వచ్చినవాళ్ళు, జగిత్యాల వైపు నుంచి కంపెనీల్లో పనికొచ్చినవాళ్ళు, నమాజు వేళకు కార్లు తుడిచి ఒకరూ, క్యాంపు బస్సు దిగి ఒకరూ వచ్చి చేరేవారు. సంగటి, ఊరిబిండి, పప్పు, చారు. హాలు పొడుగే గాని వెడల్పు లేదు గనుక రెండు గోడలకూ వీపులానించి ఎదురెదురుగా కూర్చోవాలి. మధ్యలో అత్త వడ్డించుకుంటూ పోవడానికి ఒక్క మనిషి పట్టే దారి.

"రైలు డబ్బాల కూసున్నట్టే ఉన్నది అక్కా," అనేవాడు గంగన్న. జగిత్యాల పక్క పల్లె, కంపెనీలో సెంట్రింగు పని. "టికెట్ ఎవలన్న అడుగుతరేమోనని బుగులైతాంది."

"అడిగేదానికి మా శెట్టి లేడా," అనేవాడు మామను చూపిస్తూ రాయచోటి రెడ్డప్ప, ఒక పెద్దింట్లో డ్రైవరు. "గార్డు ఆయప్పే. దిగేటప్పుడు సంచులు గూడా చూస్తాడు."

"మీ నోళ్ళు పడ. తినండప్పా ముందు," అని అత్త ఇంకో ముద్ద వేసేది. అలా తిడుతున్నప్పుడు ఆమె ముఖంలో వచ్చే వెలుగు వారంలో మరి ఏ రోజూ నేను చూడలేదు. తమకు పిల్లలు లేరన్న మాట ఆమె ఎన్నడూ ఎత్తేది కాదు. శుక్రవారం నాడు మాకు కూడా అది గుర్తొచ్చేది కాదు.

ఇంటి యజమాని అబూ సాలెం. డెబ్బై దాటి ఉంటాడు. కుర్రతనంలో తండ్రి వెంట ముత్యాల వ్యాపారం మీద బొంబాయిలో తిరిగినవాడు కాబట్టి హిందీ మాకంటే ఆయనకే బాగా వచ్చు. ఏడాదికొకసారి అద్దె కాగితం తిరగరాసుకోవడానికి తనే వచ్చేవాడు. అత్త ఏలక్కాయ వేసిన టీ ఇస్తే, హాల్లో గోడకానుకుని కూర్చునేవాడు. అప్పుడు మొదలయ్యేది. మామ ఇంటిలో ఒక వంక పట్టేవాడు. నేను దాన్ని సాగదీసేవాణ్ణి. ఆయన ఆ వంకకు తండ్రినీ తాతనూ తెచ్చి నిలబెట్టేవాడు. ఆయన హిందీని నా తెలుగులోకి తెచ్చుకుని రాస్తున్నాను గాని, ఆ గొంతు మాత్రం తేలేను.

మొదటి ఏడాది మేము పట్టిన వంక వెడల్పు. కాళ్ళు చాపితే ఎదుటి గోడ తగులుతోందన్నాడు మామ. "గోడనెందుకు అంటావు? చెట్టునడుగు," అన్నాడు అబూ సాలెం. ఈ దేశంలో ఇంటికి పనికొచ్చే చెట్టు లేదు. ఆఫ్రికా ఒడ్డున ఉప్పునీళ్ళలో పెరిగే మడ చెట్టును నరికి ఓడల్లో తెచ్చేవారు. ఆ కర్ర పొడుగెంతో ఇక్కడ గది వెడల్పు అంత. షేక్ ఇల్లయినా అంతే, కూలివాడి ఇల్లయినా అంతే. హాలు పొడుగు పెంచుకోవచ్చు, మరో కర్ర, మరో కర్ర పక్కన పరుచుకుంటూ ఎంత దూరమైనా పోవచ్చు. వెడల్పు మాత్రం దేవుడు చెట్టుకెంత ఇస్తే అంతే. "అద్దె తగ్గించాలంటే ఆ చెట్టుతో మాట్లాడుకో తాజిర్," అన్నాడు నా వైపు తిరిగి. తాజిర్ అంటే వర్తకుడు. నన్ను చివరిదాకా అలాగే పిలిచాడు, సగం ఎగతాళిగా.

ఇంకో ఏడాది, కర్రల కొసలు గోడ దాటి బయటికి పొడుచుకుని ఉన్నాయని, కోయించకుండా వదిలేసిన ఇల్లు సగం కట్టినట్టుందని నేనన్నాను. ఆయన నన్ను జాలిగా చూశాడు. కోసిన కర్ర మళ్ళీ పొడుగవుతుందా? రేపు కొడుకు ఇంటిని విప్పి ఇంకాస్త పెద్ద గది కట్టుకుంటే ఆ కొసే కదా పనికొచ్చేది? తానులోంచి బట్ట చింపకుండా దాచుకోవడం లాంటిదన్నమాట. అంగట్లో పుట్టినవాడికి ఇది చెప్పనక్కర్లేదు. లోపల దణ్ణం పెట్టుకున్నాను. పైకి మాత్రం, "ఇప్పటికి పిచ్చుకలకు తప్ప ఎవరికీ పనికిరావడం లేదు," అన్నాను.

పైకప్పు సగం ఎర్రగా సగం నల్లగా ఉందన్నదానికి వచ్చిన జవాబు ఇంకా పెద్దది. ఎర్ర రంగు పూసినవి ఆయన తాత వేయించినవి. అప్పటికి అది ఒక్క చిన్న గది. ముత్యాలు బాగా పడిన ఒక ఏడు అబూ సాలెం తండ్రి చివరి గోడ పడగొట్టి గదిని సాగదీశాడు. తారు పూసిన నల్ల కర్రలు ఆయనవి. రెండూ కలిసే చోట వెదురు అల్లిక తీరు కూడా మారిపోయేది. అప్పటిదాకా కింద పడుకుని ఎన్ని వందలసార్లు చూశానో, అక్కడ ఒక ఇంటికి ఇంకో ఇల్లు అతుక్కుని ఉందని నాకు తోచలేదు. తలుపు గురించి ఎప్పుడో ఏదో అంటే, ఆ టేకు మీ దేశానిదే, తిట్టుకుంటే మీవాళ్ళనే తిట్టుకోండన్నాడు.

వాకిలి వైపు గోడలో పైన వరసగా బొక్కలుండేవి. వాటిలో పావురాలు చేరి గలీజు చేస్తున్నాయని ఒకసారి మామ గట్టిగానే అన్నాడు. అబూ సాలెం టీ గ్లాసు కింద పెట్టాడు. అక్కడ ఒకప్పుడు వరండా ఉండేది. ఆ బొక్కలు దాని కర్రలు దిగిన చోట్లు. ముత్యాలు అమ్ముడుపోవడం మానేసిన కాలంలో ఇంట్లో బియ్యం లేక, తండ్రి ఆ కర్రలను ఒక్కొక్కటే పీకి అమ్మాడు. "ఆ ఏడు మేము వరండాను తిన్నాం," అన్నాడు.

మామ గొంతు సవరించుకుని, "అయితే వరండా లేదని మీరూ ఒప్పుకున్నట్టే కదా అర్బాబ్. దాని మందం అద్దె తగ్గించండి," అన్నాడు. అర్బాబ్ అంటే యజమాని. ముసలాయన తలగుడ్డ జారిపోయేంతగా నవ్వాడు. నవ్వి కళ్ళు తుడుచుకుని, "నీ మేడమ్ రోజూ నా గోడకు ఖర్జూరపు చెట్టుకు పోసినట్టు నీళ్ళు పోస్తోంది. దాని మందం అద్దె పెంచుతాను," అన్నాడు. ఇద్దరి లెక్కా చెల్లిపోయింది. అద్దె ఉన్నచోటే ఉంది.

ఇప్పుడు మా ఊళ్ళో కూడా బేరం పోయింది. ధర డబ్బా మీద అచ్చేసి వస్తుంది, లేదా ఫోనులో కనిపిస్తుంది. నచ్చితే వేలు ఆనించాలి. అమ్మేవాడు తన సరుకు గురించి నాతో ఒక్క ముక్క మాట్లాడడు, నేనూ అడగను. మొన్న ఆటో అతను అడిగినంతా ఇచ్చేసి దిగాను. దిగాక నాకే అనుమానం వచ్చింది, ఆరోగ్యం బాగానే ఉందా అని. ఓపిక తగ్గిందనుకోవచ్చు. కాని ఓపిక ఒక్కటే కాదు. ఎదుటివాణ్ణి కాస్త రెచ్చగొడితే గాని చెప్పని సంగతులు కొన్ని ఉంటాయి. వాటిని వినే దారి నాకు అదొక్కటే తెలుసు. ఆ దారి మూసుకుపోయాక మనుషులందరూ నాకు ధర అచ్చేసిన డబ్బాల్లా కనిపిస్తున్నారు.

ఆ ఇంట్లో మా ఆఖరి ఏడాది అబూ సాలెం వచ్చి కూర్చోలేదు. గుమ్మంలో నిలబడ్డాడు. అత్త టీ తెచ్చినా గ్లాసు పట్టుకున్నాడే గాని తాగలేదు. మామ అలవాటు కొద్దీ మొదలుపెట్టాడు. "వానొస్తే పైకప్పు కారుతాంది అర్బాబ్..."

"నిజం," అన్నాడాయన. "కారుతుంది. వెడల్పు లేదు. గోడలు ఉబ్బాయి. కొసలు అసహ్యంగా ఉన్నాయి. పైకప్పు రెండు రంగులు. వరండా లేదు. పావురాలు. ఇల్లు బాగాలేదు, ఖలాస్." మేమన్న మాటలన్నీ, ఏ ఏటివి ఆ ఏటి వరసలోనే అప్పజెప్పాడు. ఇల్లు పడగొట్టి మూడంతస్తుల ఫ్లాట్లు కట్టాలని కొడుకులు ఎప్పటినుంచో అంటున్నారట. ఈసారి ఆయన సరేనన్నాడట. చలికాలం గడిచేలోగా ఖాళీ చేయమన్నాడు.

బేరంలో ఎదుటివాడు మన మాటే ఒప్పుకుంటే ఏం చేయాలో మా వంశంలో ఎవరూ నేర్పలేదు.

"ఏం చెప్తాండాడురా ఆయప్ప?" అంది అత్త కొట్టం దగ్గరి నుంచి. ఆమెకు హిందీ రాదు.

"ఇల్లు కొట్టేస్తారంట అత్తా."

ఆమె తలుపుకు చేయి ఆనించి, "మరి శుక్రవారం వాళ్ళంతా యాడ తినాల?" అంది. ఎక్కడ ఉంటామని అడగలేదు, వస్తువులు ఏం చేద్దామని అడగలేదు. ఫ్లాటుల్లోకి అంతమంది మగవాళ్ళను రానివ్వరని, వచ్చినా నలుగురికి మించి కూర్చునే చోటుండదని మా ముగ్గురికీ తెలుసు. ఆ మాటే నాకు తగిలింది. అప్పటిదాకా నేను చేయని పని ఆరోజు చేశాను. కొనేవాడి వైపు ఉండి సరుకును మెచ్చుకోవడం మొదలుపెట్టాను.

హాలు మధ్యకు పోయి నిలబడి, పైకి చెయ్యెత్తి, ఇక్కడి నుంచి ఇక్కడికి మీ తాత, ఇక్కడి నుంచి మీ నాయన, అన్నాను. ఎర్ర కర్రలు ముందొచ్చాయి, నల్లవి ముత్యాల డబ్బుతో వచ్చాయి అన్నాను. గది ఇంత సన్నంగా ఉంది కాబట్టే ఇందరం ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ తింటున్నామన్నాను. కోయకుండా వదిలిన కొసలు కొడుకుల కోసం దాచినవన్నాను. మడ కర్ర ఇంకా గట్టిగా ఉంది, కారుతున్నది పైన మట్టి, దాన్ని మెత్తితే చాలన్నాను. ఆ తలుపు కాలికట్ నుంచి వచ్చిందన్నాను.

"బొంబాయి," అన్నాడు అబూ సాలెం. "తలుపు బొంబాయిది." అని, ఉన్నచోటే గుమ్మంలో కూలబడినట్టు కూర్చున్నాడు. టీ అప్పుడు తాగాడు. "ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నువ్వు బాగుందనలేదు తాజిర్."

"అంటే అద్దె పెంచుతారు కదా."

"పెంచేవాణ్ణే," అన్నాడు నిజాయితీగా. ఖాళీ గ్లాసు కింద పెట్టి మళ్ళీ అన్నాడు: "కొడుకులు అడిగారు, ఆ ఇల్లు ఎవరికి కావాలి బాబా, అందులో ఉండే ఇండియావాళ్ళు కూడా ప్రతి ఏడూ బాగాలేదనే కదా అంటారు అని. నా దగ్గర జవాబు లేకపోయింది. నాకైతే అది బాగుంటుంది. కాని నేను ఈ ఇంటివాణ్ణి. నా మాట లెక్కలోకి రాదు. మీరైనా అంటారని చూశాను. పోయిన ఏడు కూడా చూశాను."

కాంట్రాక్టు కాగితం మీద అప్పటికే వేలిముద్ర పడిపోయింది. దాన్ని వెనక్కి తీసుకోవడం ఆయన చేతిలో లేదు. మామ నా వైపు చూడలేదు, నేను మామ వైపు చూడలేదు. మాకు పుట్టుకతో వచ్చిన విద్యే మేం కూర్చున్న పీటనే లాగేసింది. ఆ విద్యకు ఒక్క రోజు సెలవిచ్చి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. సెలవివ్వడం మాకు చేతనయ్యేది కాదన్నది మాత్రం తెలుసు.

చివరి శుక్రవారం ఎవరూ రైలు మాట ఎత్తలేదు. అత్త పూర్ణాలు చేసింది. రెడ్డప్ప తిన్న విస్తరి తనే ఎత్తుకుని, "ఇంగ శుక్రవారం వస్తే మాకు నిద్రే గతి," అన్నాడు. గంగన్న ఆకు మడిచి లేచి, పైకి చూసి, "మస్తు పాతది గదా. ఇన్నొద్దులు దీని కిందనే తిన్నం, పైకి జూడనే లేదు," అన్నాడు. అత్త వాళ్ళను వీధి మలుపు దాకా సాగనంపి వచ్చింది. తర్వాత మేము చేరిన ఫ్లాటులో వంటిల్లు నిగనిగలాడేది. ముగ్గురికి సరిపోయే గిన్నెలు ఒక అలమరలోకి పట్టేశాయి. పెద్ద తపేలాలు మంచం కిందికి పోయాయి. అత్త వాటిని అమ్మనివ్వలేదు, వాడనూ లేదు.

పైకప్పు విప్పే రోజు అబూ సాలెం నన్ను కొట్టు నుంచి పిలిపించాడు. కూలీలు మట్టి తోసేసి, చాపలు చుట్టి, కర్రలను ఒక్కొక్కటే తాడు కట్టి దించుతున్నారు. తల మీద ఎండ పడుతున్న ఆ హాలు చూడటానికి ఎంత చిన్నదో. ఊరి బయట తోటలున్న ఒకాయన మనిషి ఆ కర్రలు కొనడానికి వస్తున్నాడట, మేకలకు పందిరి వేయడానికి. "నువ్వు అమ్ము తాజిర్," అన్నాడు అబూ సాలెం. "నా వల్ల కాదు. నేను మొదలుపెడితే అమ్మను." అని, అవతల కారులో అద్దాలు ఎక్కించుకుని కూర్చున్నాడు.

నేను సిద్ధంగానే ఉన్నాను. అతను పుచ్చుకర్ర అంటాడు. ఉప్పునీళ్ళలో పెరిగింది, దీనికి పుచ్చు పట్టదంటాను. వంకరంటాడు. ఏ చెట్టు తిన్నగా పెరిగింది, తాత చూసి ఏరి తెచ్చినవంటాను. రెండు రంగులంటాడు. అప్పుడు ముత్యాల ఏడు చెబుతాను. ఆఫ్రికా నుంచి మొదలుపెట్టి వరండా దాకా అంతా నాలుక మీదే ఉంది. పికప్పులోంచి దిగిన మనిషి కర్రల గుట్ట చుట్టూ ఒకసారి నడిచాడు. ఒకదాన్ని కాలితో దొర్లించాడు. నేను నోరు తెరిచేలోగా ధర చెప్పాడు. నేను మొదట అడుగుదామనుకున్నదాని కంటే ఎక్కువే చెప్పాడు. "యల్లా, ఎక్కించండి," అని కూలీలకు చెయ్యూపాడు.

ఫ్లాటుకు తిరిగొచ్చేసరికి అత్త స్టవ్వు ముందు నిలబడి ఉంది. వీపు తిప్పకుండానే అడిగింది.

"అన్నీ పోయినాయా?"

"పోయినాయి అత్తా."

"ఎవరేం వేయించినారో, యాడనుంచి వచ్చినాయో, అదంతా చెప్పినావా ఆయప్పకు?"

"చెప్పే పని పడలేదు అత్తా," అన్నాను. "ఆయప్ప బేరమాడలేదు."